మౌస్ బాణం బదులు లేసు సూది పెట్టాలి, కనిపించడం లేదు. సాయం చేయండి

లేసుదారం | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా అమ్మ, పిన్ని, మా వీధిలో ఇంకో పదకొండు మంది లేసు అల్లుతారు. ఇన్నేళ్లూ అల్లింది ఏజెంటు చేతిలో పెట్టడం, ఇచ్చింది తీసుకోవడం. మన లేసుకి 2024లో జీఐ (ఇది ఈ ప్రాంతపు సరుకు అని చెప్పే) గుర్తింపు కూడా వచ్చింది కదా, వాళ్ల పని వాళ్ల పేరుతో నలుగురికీ చూపిద్దామని వెబ్‌సైట్ మొదలుపెట్టాను. నేను చదివింది బీకామ్. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే భాష) వీడియోలు చూసి నేర్చుకున్నా.

నా కోరిక ఇది. సైట్ తెరిచినవాళ్లకి మౌస్ బాణం ఉండే చోట అమ్మ చేతిలో ఉండే లేసు సూది (కొన దగ్గర కొక్కెం ఉండేది) కనబడాలి. కదిపితే వెనకాల తెల్ల దారం సాగాలి. అమ్మ సూదినే ఫోన్‌తో ఫోటో తీసి, వెనక రంగు తీసేసి పీఎన్‌జీ చేశాను. సీఎస్ఎస్‌లో బాడీకి (పేజీ మొత్తానికి) కర్సర్, అంటే మౌస్ గుర్తు, అని రాసి, యూఆర్ఎల్ బ్రాకెట్లో ఆ ఫైల్ పేరు ఇచ్చాను. ఏమీ మారలేదు, అదే పాత బాణం. ఎర్రర్ కూడా రావట్లేదు. మూడు రోజులుగా ఇదే టెన్షన్.

గౌతమిగట్టు | ఆదివారం, రాత్రి 9:32

రెండు విషయాలు చెప్పు తమ్ముడూ. బొమ్మ ఎన్ని పిక్సెల్స్? బ్రాకెట్ మూసిన తర్వాత కామా పెట్టి ఆటో అని రాశావా?

లేసుదారం | ఆదివారం, రాత్రి 9:40

900 బై 900 అన్నా. ఆటో అని ఎక్కడా రాయలేదు, బ్రాకెట్ అవ్వగానే సెమీకోలన్ పెట్టేశా.

గౌతమిగట్టు | ఆదివారం, రాత్రి 10:05

అయితే రెండూ తప్పే. ఫోన్ నుంచి రాస్తున్నాను కాబట్టి కోడ్ మాటల్లోనే చెబుతా, నువ్వు ఎడిటర్‌లో కొట్టుకో.

మొదటిది ఆటో. కర్సర్‌కి బొమ్మ ఇచ్చినప్పుడు, ఆ బొమ్మ దొరక్కపోతే ఏం చూపించాలో చివర్లో ఒక మామూలు పేరు తప్పకుండా చెప్పాలి. ఆటో కావచ్చు, పాయింటర్ కావచ్చు. అది లేకపోతే బ్రౌజర్ ఆ లైన్ మొత్తాన్నీ చెల్లనిదిగా తీసి పక్కన పడేస్తుంది. సీఎస్ఎస్‌లో చెల్లని లైన్‌కి గొడవ ఉండదు, చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అందుకే నీకు ఎర్రర్ కనబడలేదు.

రెండోది సైజు. క్రోమ్‌లో గానీ ఫైర్‌ఫాక్స్‌లో గానీ 128 బై 128 దాటిన బొమ్మని కర్సర్‌గా తీసుకోరు. నా మాట విని 32 బై 32 లోపే ఉంచు. 32 దాటితే క్రోమ్‌లో ఇంకో తిరకాసు ఉంది. బొమ్మ పేజీ అంచు దాటి అడ్రస్ బార్ మీదకి వచ్చేలా ఉంటే దాన్ని తీసేసి మామూలు బాణం పెట్టేస్తుంది. ఎవరైనా పెద్ద బొమ్మతో బ్రౌజర్ బటన్లని కప్పేసి జనాన్ని మోసం చెయ్యకుండా పెట్టిన కట్టడి అది.

పంటురేవు | ఆదివారం, రాత్రి 10:20

నిరుత్సాహపరచాలని కాదు గానీ ఒక మాట. నేను రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వచ్చి పోతుంటాను. పంటు మీద అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఫోన్‌లో మౌస్ లేదు, బాణం లేదు. ఈ శ్రమ అంతా ఎవరి కోసం? అదే టైము ఫోటోల మీద పెడితే మంచిది కదా.

లేసుదారం | ఆదివారం, రాత్రి 10:31

మీరన్నది నిజమేనండి. కానీ మా దగ్గర పెద్ద ఆర్డర్లు ఇచ్చేవాళ్లు, అంటే టేబుల్ క్లాత్‌లు వంద, రెండు వందలు అడిగేవాళ్లు, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తారు. అల్లిక దగ్గరగా పెద్దది చేసి చూసేది వాళ్లే. వాళ్ల కోసమే ఇది. ఫోటోలు కూడా మళ్లీ తీస్తున్నాను, పగటి వెలుగులో, నల్ల గుడ్డ మీద పరిచి.

వైనతేయ | సోమవారం, ఉదయం 7:15

నేను హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేసే పనే చేస్తున్నాను, పుట్టింది మాత్రం అప్పనపల్లి దగ్గర. పొద్దున్నే లేసు సూది మాట చూసి చాలా సంతోషం వేసింది. మా అమ్మమ్మ కూడా అల్లేది.

అన్న చెప్పనిది ఒకటి ఉంది. కర్సర్ బొమ్మలో ఏ చుక్క క్లిక్ అవుతుందో మనమే చెప్పాలి. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. బ్రాకెట్ మూశాక రెండు అంకెలు. మొదటిది ఎడమ అంచు నుంచి ఎంత దూరమో, రెండోది పై అంచు నుంచి ఎంత కిందికో. చెప్పకపోతే పీఎన్‌జీకి ఎడమ పై మూల, అంటే 0, 0 అనుకుంటుంది. నీ బొమ్మలో కొక్కెం కింద కుడివైపు ఉందనుకో, చూసేవాళ్లు కొక్కేన్ని బటన్ మీద పెట్టి నొక్కుతారు, క్లిక్ ఇంకెక్కడో పడుతుంది. సైట్ పాడైందనుకుని వెళ్లిపోతారు.

అందుకని సూదిని కొక్కెం ఎడమ పై మూలకి వచ్చేలా ఏటవాలుగా గియ్యి. కొక్కెం కొన 3, 2 దగ్గర ఉంటే ఆ రెండు అంకెలే ఇవ్వు. లైన్ మొత్తం ఇలా ఉంటుంది: కర్సర్, కోలన్, యూఆర్ఎల్ బ్రాకెట్లో ఫైల్ పేరు, ఖాళీ, 3, ఖాళీ, 2, కామా, ఆటో, సెమీకోలన్.

మామూలు బాణం ఎడమకి వాలి ఉండటం వెనక ఒక కథ ఉంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న మౌస్‌ని జనం ముందు చూపించినప్పుడు తెర మీది గుర్తు నిటారుగా ఉండేది. తర్వాత జెరాక్స్ వాళ్ల పరిశోధనశాలలో దాన్ని పక్కకి వాల్చారు, ఎందుకంటే ఆనాటి ముతక తెరల మీద ఒక అంచు నిలువుగా, ఒక అంచు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటేనే స్పష్టంగా కనబడేది. నీకు అదృష్టం ఏంటంటే, కుడిచేత్తో అల్లేవాళ్ల చేతిలో సూది కొక్కెం కూడా ఎడమవైపుకే ఉంటుంది. అమ్మ చెయ్యి ఎలా ఉంటుందో అలాగే గియ్యి, బాణం ఎలా వాలుతుందో సూదీ అలాగే వాలుతుంది.

లేసుదారం | సోమవారం, మధ్యాహ్నం 1:48

అక్కా, అన్నా, వచ్చింది! 32 బై 32 లో మళ్లీ గీసి, 3, 2 ఇచ్చి, ఆటో పెట్టగానే సూది వచ్చేసింది. అమ్మని పిలిచి చూపించాను. అన్నం తింటూ ఎడమచేత్తో మౌస్ పట్టుకుని తెరంతా తిప్పింది.

కానీ సైట్‌ని సర్వర్‌లోకి ఎక్కించాక మళ్లీ పాత బాణమే. నా లాప్‌టాప్‌లో వస్తోంది, నెట్‌లో రావట్లేదు.

గౌతమిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 2:10

ఫైల్ పేరులో పెద్దక్షరాలు చూసుకో. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్ సర్వర్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. అది కాకపోతే దారి చూడు. సీఎస్ఎస్ ఫైల్‌లో రాసిన యూఆర్ఎల్ ఆ సీఎస్ఎస్ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క, పేజీ ఉన్న ఫోల్డర్ నుంచి కాదు.

లేసుదారం | సోమవారం, మధ్యాహ్నం 2:25

పెద్దక్షరమే అన్నా. పీఎన్‌జీ అనేది నా దగ్గర పెద్దక్షరాల్లో సేవ్ అయ్యింది. సరిచేశాను, వచ్చింది.

కడియంమొక్క | సోమవారం, సాయంత్రం 5:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కడియంలో నర్సరీ. మా సైట్‌లో సీతాకోకచిలుక రెక్కలాడిస్తూ ఉండే జిఫ్‌ని కర్సర్‌గా పెట్టాలని చూశాను. క్రోమ్‌లో కదలట్లేదు. దానికి దారి ఉందాండి?

వైనతేయ | సోమవారం, సాయంత్రం 6:02

కదిలే జిఫ్ కర్సర్‌గా పనిచెయ్యదండి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కదిలే కర్సర్లకి వేరే రకం ఫైల్ ఉండేది, ఇప్పటి బ్రౌజర్లు దాన్ని తీసుకోవు. రెక్కలు ఆడాలంటే, పేజీలో కదలికలు నడిపే జావాస్క్రిప్ట్‌తో రెండు మూడు పీఎన్‌జీలు మార్చి మార్చి పెట్టాలి. నేనైతే చెయ్యను. మొక్క ఆకు మీద ధర చదువుతున్న మనిషికి చూపు దగ్గరే రెక్కలు కొట్టుకుంటుంటే చదువు సాగదు. ఒక్క నిలకడ బొమ్మ చాలు.

లేసుదారం | సోమవారం, రాత్రి 11:20

దారం కోసం ఒక వీడియో చూసి వేరే పద్ధతిలో చేశాను. అందులో అసలు కర్సర్‌ని నన్ అని పెట్టి మాయం చేసి, సూది బొమ్మ ఉన్న పెట్టెని, అంటే ఒక డివ్‌ని జావాస్క్రిప్ట్‌తో మౌస్ వెంట తిప్పుతున్నారు. డివ్ పొజిషన్ ఫిక్స్‌డ్. సూది తిరుగుతోంది గానీ పేజీలో ఏ లింకూ నొక్కుడు పడట్లేదు. కిందికి స్క్రోల్ చేస్తే సూది అసలు తెరమీదే ఉండట్లేదు.

వైనతేయ | మంగళవారం, ఉదయం 6:50

నొక్కుడు పడకపోవడానికి కారణం, నీ క్లిక్ ఆ డివ్ మీదే పడుతోంది. అది ఎప్పుడూ మౌస్ కిందే ఉంది కదా, లింక్ దాకా ఏదీ చేరదు. ఆ డివ్‌కి పాయింటర్ ఈవెంట్స్ నన్ అని పెట్టు. స్క్రోల్ సంగతికి పేజ్ ఎక్స్, పేజ్ వై తీసేసి క్లయింట్ ఎక్స్, క్లయింట్ వై వాడు. పేజ్ లెక్క పేజీ మొదలు నుంచి, క్లయింట్ లెక్క కనబడుతున్న తెర నుంచి. ఫిక్స్‌డ్ డివ్‌కి కావాల్సింది రెండోది. లెఫ్ట్, టాప్ మార్చకుండా ట్రాన్స్‌ఫార్మ్ ట్రాన్స్‌లేట్‌తో కదుపు, బ్రౌజర్‌కి పని తగ్గుతుంది.

లేసుదారం | మంగళవారం, ఉదయం 10:15

రెండూ సరయ్యాయి అక్కా. సైట్ లింక్ ఇక్కడ పెట్టేశా, చూడండి. ఫోటోల పేజీలో మాత్రం సూది ఆగి ఆగి కదులుతోంది. నలభై ఫోటోలున్నాయి.

పాలకొల్లు_మాస్టారు | మంగళవారం, ఉదయం 11:40

బాబూ, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నీ సైట్ తెరిచాను. లేసు పని చాలా బాగుంది, మీ అమ్మగారి చేతికి నమస్కారం. కానీ ఒక కష్టం చెప్పాలి.

నాకు చూపు మందగించింది, చెయ్యి కొంచెం వణుకుతుంది. విండోస్‌లో బాణం సైజు పెంచుకునే సదుపాయం ఉంది, 1 నుంచి 15 దాకా. నేను 6 పెట్టుకున్నాను, రంగు పసుపు. దానితోనే నేను కంప్యూటర్ వాడగలుగుతున్నాను. నీ పేజీలోకి రాగానే నా పసుపు బాణం మాయమైపోయింది. దాని చోట సన్నటి సూది ఎక్కడో తిరుగుతోంది, తెల్ల లేసు మీదకి వెళ్తే అస్సలు కనబడలేదు. రెండు నిమిషాలు వెతికాను. ఫోన్ నంబర్ ఉన్న పేజీకి వెళ్లలేక మూసేశాను. మా మనవరాలి పెళ్లికి టేబుల్ క్లాత్ అడుగుదామనుకున్నాను.

లేసుదారం | మంగళవారం, ఉదయం 11:58

మాస్టారూ, క్షమించండి. ఇది నాకు తట్టనే లేదు. ఇప్పుడే ఆ డివ్ తీసేస్తున్నాను. మామూలు బాణమే ఉంటుంది. పూర్తిగా సరయ్యేదాకా మళ్లీ పెట్టను.

గౌతమిగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 12:45

తీసెయ్యడం మంచిదే, కానీ సూదిని వదులుకోనక్కర్లేదు తమ్ముడూ. ఇది అందరూ చేసే పొరపాటే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

మౌస్ బాణం మన సైట్‌ది కాదు, చూసేవాళ్లది. వాళ్ల చెయ్యి అది. దాన్ని గియ్యడం కూడా మన పేజీ పని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ పని. అందుకే పేజీ ఎంత బరువెక్కినా బాణం మాత్రం చేతితో పాటే కదులుతుంది. సీఎస్ఎస్‌లో యూఆర్ఎల్ ఇచ్చి బొమ్మ మార్చినా అదే దారి, బొమ్మ మారుతుంది గానీ కదిపేది సిస్టమే. కర్సర్ నన్ పెట్టి డివ్ తిప్పితే ఆ పని మన జావాస్క్రిప్ట్ నెత్తిన పడుతుంది. నలభై ఫోటోలు విప్పుతున్నప్పుడు జావాస్క్రిప్ట్‌కి ఖాళీ దొరకదు, సూది ఆగిపోతుంది. నీకు జరిగింది అదే.

ఇంకా ఉన్నాయి. పేజీలో మ్యాప్ ఐఫ్రేమ్ (మన పేజీలో ఇమిడిన వేరే పేజీ) పెట్టావు కదా, మౌస్ అందులోకి వెళ్లగానే మన పేజీకి కబురు ఆగిపోతుంది. డివ్ సూది అంచు దగ్గరే నిలబడిపోతుంది. షో మోడల్‌తో తెరిచే డైలాగ్ (పేజీ మీద తెరుచుకునే చిన్న కిటికీ) పెట్టావనుకో, అది అన్నిటికన్నా పై పొరలో ఉంటుంది, జెడ్ ఇండెక్స్ ఎంత పెంచినా సూది దాని వెనక్కే పోతుంది. అప్పుడు అసలు బాణమూ లేదు, నకిలీ సూదీ లేదు. జావాస్క్రిప్ట్‌లో ఎక్కడో తప్పొచ్చి ఆగిపోయినా అదే గతి.

ఇప్పుడు ఆలోచించు. సూది వెనకపడితే తప్పు. దారం వెనకపడితే? దారం వెనకపడటమే కదా దాని స్వభావం. కాబట్టి సూదిని సీఎస్ఎస్‌కి ఒప్పజెప్పు, దారం ఒక్కటే జావాస్క్రిప్ట్‌తో గియ్యి. దారం ఒక్క క్షణం ఆగినా, అసలు రాకపోయినా ఎవరి పనీ ఆగదు.

వైనతేయ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, ఇది నాకు కూడా తట్టలేదు. చాలా బాగుంది.

దారానికి పద్ధతి చెబుతా. గీతలు గియ్యడానికి తెరంతా కప్పే ఒక కాన్వాస్, ఫిక్స్‌డ్, పాయింటర్ ఈవెంట్స్ నన్. పన్నెండు చుక్కల వరస ఒకటి పెట్టుకో. మొదటి చుక్క మౌస్ ఉన్న చోటికి వెళ్తుంది. రెండోది మొదటిదాని వైపు మిగిలిన దూరంలో మూడో వంతు జరుగుతుంది, మూడోది రెండోదాని వైపు, అలా చివరిదాకా. వాటిని కలుపుతూ వంపుగీత గీస్తే దారం. ఇదంతా, తెర కొత్తగా గీసే ప్రతిసారీ నడిచే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌లో చెయ్యి, మౌస్ మూవ్‌లో గియ్యకు. మౌస్ మూవ్‌లో చోటు గుర్తుపెట్టుకోవడం వరకే.

ఒక జాగ్రత్త. 60 హెర్ట్జ్ తెరలో సెకనుకి 60 సార్లు, 144 హెర్ట్జ్ తెరలో 144 సార్లు ఆ మూడో వంతు జరుగుడు జరుగుతుంది. దాంతో ఖరీదైన తెర మీద దారం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మధ్య ఎంత టైము గడిచిందో చూసి దాన్నిబట్టి జరపాలి. ఇంకోటి, చుక్కలన్నీ ఒకచోటికి చేరాక లూప్ ఆపెయ్యి, మళ్లీ మౌస్ కదిలినప్పుడు మొదలుపెట్టు. ఊరికే తిరుగుతుంటే లాప్‌టాప్ బ్యాటరీ తింటుంది. కాన్వాస్‌ని డివైస్ పిక్సెల్ రేషియోతో గుణించి పెద్దది చెయ్యడం మరిచిపోకు, లేకపోతే దారం మసకగా వస్తుంది.

ఐఫ్రేమ్ మీదకి మౌస్ వెళ్లినప్పుడు ఆ ఐఫ్రేమ్‌కి మౌస్ ఎంటర్ వస్తుంది, అప్పుడు దారం చెరిపెయ్యి.

పాలకొల్లు_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

మీరు చెప్పింది సగం అర్థమైంది, సంతోషం. కానీ సూది సూదే కదండీ. అది 32 చుక్కల బొమ్మ. నా 6వ సైజు బాణం నాకు తిరిగి రావాలి.

వైనతేయ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

మాస్టారు చెప్పింది ముఖ్యం. నేను నాలుగు మాటలు అంటాను.

సూదిని బాడీ అంతటికీ పెట్టకు. లేసు ఫోటోలున్న భాగానికి మాత్రం పెట్టు. ఆర్డర్ ఫారం, ఫోన్ నంబర్ పేజీ, మెనూ దగ్గర ఎవరి బాణం వాళ్లకి ఉండనీ. అన్నిటికీ కలిపి స్టార్ గుర్తుతో కర్సర్ పెడితే లింక్ మీద వచ్చే చెయ్యి గుర్తు, రాసే చోట వచ్చే నిలువు గీత కూడా పోతాయి. ఇది నొక్కచ్చు, ఇక్కడ రాయచ్చు అని మనిషికి చెప్పేవి అవే.

పేజీ పైన కనబడేలా ఒక బటన్ పెట్టు: మామూలు బాణం. నొక్కితే సూదీ దారం రెండూ పోవాలి. ఆ ఎంపికని వాళ్ల బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్‌లో దాచు, మళ్లీ వచ్చినప్పుడు అడగకుండా గుర్తుండాలి.

యానిమేషన్లు వద్దని సిస్టమ్‌లో పెట్టుకున్నవాళ్లు ఉంటారు. ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీతో అది తెలుస్తుంది. వాళ్లకి దారం గియ్యకు. ఫోన్లలో నడవకుండా, హోవర్ హోవర్, పాయింటర్ ఫైన్ (మౌస్ లాంటిది ఉందని చెప్పే షరతులు) రెండూ ఉన్నప్పుడే ఈ స్క్రిప్ట్ నడిచేలా చూడు. పంటు మీద చూసేవాళ్లకి ఒక్క బైటు బరువు కూడా అనవసరం.

తెల్ల లేసు మీద కనబడాలంటే సూది చుట్టూ ముదురు గీత, దాని బయట సన్నటి తెల్ల గీత. మామూలు బాణానికి నలుపు తెలుపు రెండూ ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా.

పంటురేవు | మంగళవారం, రాత్రి 8:15

పంటు మీద చూసేవాళ్లని గుర్తుపెట్టుకున్నందుకు ధన్యవాదాలండి. ఆ నలభై ఫోటోలు కూడా చిన్నవి చెయ్యమని చెప్పండి. నది మధ్యలో సిగ్నల్ ఉన్నంతలో సగం ఫోటో కూడా తెరుచుకోలేదు.

లేసుదారం | బుధవారం, రాత్రి 10:40

అన్నీ చేశాను. ఫోటోలు ఒక్కొక్కటి 4 ఎంబీ ఉండేవి, అన్నీ వెబ్‌పీలోకి మార్చి 200 కేబీ లోపుకి తెచ్చాను. కిందివి స్క్రోల్ చేస్తేనే తెరుచుకునేలా లోడింగ్ లేజీ పెట్టాను. సూది సీఎస్ఎస్‌తో, దారం కాన్వాస్‌తో. బటన్ పెట్టాను, పేరు వైనతేయ అక్క చెప్పినట్టే "మామూలు బాణం". మాస్టారూ, ఒక్కసారి చూడరా?

పాలకొల్లు_మాస్టారు | గురువారం, ఉదయం 9:20

చూశాను బాబూ. బటన్ పెద్దదిగా పెట్టావు, వెంటనే దొరికింది. నా పసుపు బాణం వచ్చేసింది. మూసి మళ్లీ తెరిచాను, గుర్తుపెట్టుకుంది. తర్వాత మా మనవరాలు సూది పెట్టి చూపించింది, ఆ దారం సాగడం తనకి చాలా నచ్చింది. గుండ్రటి టేబుల్ క్లాత్, 60 అంగుళాలది, రెండు కావాలి. నీ ఫారంలో పంపించాను.

కడియంమొక్క | గురువారం, ఉదయం 11:00

నేనూ సీతాకోకచిలుకని వదిలేశాను. గులాబీ కత్తిరించే కత్తెర బొమ్మ ఒకటి, 32 బై 32, మొక్కల ఫోటోల మీద మాత్రమే. హాట్‌స్పాట్ కత్తెర కొన దగ్గర పెట్టాను. పది నిమిషాల్లో అయిపోయింది.

లేసుదారం | గురువారం, రాత్రి 9:05

మాస్టారి ఆర్డర్ అమ్మ చేతికే ఇచ్చాను. నిన్న రాత్రి కూర్చోబెట్టి దారం చూపించాను. కాసేపు తిప్పి, "దారం తప్పు చోట నుంచి వస్తోందిరా" అంది.

నేను దారాన్ని సూది వెనక కొన నుంచి గీశాను, కుట్టు సూదికి బెజ్జంలోంచి వచ్చినట్టు. అందుకోసం మౌస్ ఉన్న చోటుకి 26, 27 కలిపి వెనక కొన ఎక్కడుందో లెక్క కట్టి, అక్కడ మొదలుపెట్టా. అమ్మ తన సూది తెచ్చి పక్కన పెట్టి చూపించింది. లేసు సూదికి బెజ్జం ఉండదు. దారం కొక్కెం దగ్గరే పట్టుకుని ఉంటుంది, అక్కడి నుంచి ఎడమచేతి వేళ్ల మీదకి వెళ్తుంది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో చూస్తూ నేను గమనించలేదు.

అంటే దారం మొదలయ్యేది హాట్‌స్పాట్ దగ్గరే అన్నమాట, క్లయింట్ ఎక్స్, క్లయింట్ వై ఎక్కడ చెబితే అక్కడే. ఆ 26, 27 రెండూ తీసేశాను. కోడ్ రెండు లైన్లు తగ్గింది. అమ్మ మళ్లీ తిప్పి చూసి, ఈసారి సరే అంది.

వైనతేయ | గురువారం, రాత్రి 9:30

ఇప్పుడే తెరిచి చూశాను. కొక్కెం నుంచి వస్తుంటే నిజంగా అల్లుతున్నట్టే ఉంది. అమ్మగారిని అడిగానని చెప్పు. నాకూ చిన్న డాయిలీలు (గిన్నెల కింద పరిచే లేసు ముక్కలు) ఆరు కావాలి, ఫారం నింపుతున్నాను.